లూటీషియం మందు, కంపెనీ జమాఖర్చులు



భిలాయి ఉక్కు నగరంలో తెలుగు మాట వినిపించని సెక్టారు లేదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, ఇక్కడ కర్మాగారానికి పునాదులు పడిన నాటి నుండి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి పనికోసం వచ్చినవారెందరో ఇక్కడే స్థిరపడ్డారు. వారి వెంట వచ్చిన తమ్ముళ్ళు, బావమరుదులు కొందరు రైల్వేలోను, తపాలా శాఖలోను చేరారు. అటువంటి ఒక పెద్దాయన ఇటీవల మా కార్యాలయానికి వచ్చారు. రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా చేరి, కదిలే బండిలో నిలబడి రాత్రంతా ఉత్తరాలు వేరుచేసి, 60 ఏళ్ళు నిండాక ఉద్యోగ విరమణ చేసిన మనిషి. చేతిసంచిలో నుండి రెండు కాగితాలు తీసి మా బల్లమీద పెట్టారు.

మొదటిది డాక్టరుగారి కాగితం. ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సరు ఎముకలకు పాకినదనీ, హార్మోను చికిత్స, కీమోథెరపీ రెండూ పనిచేయడం మానినవనీ, ఇక లూటీషియం-177 అనే రేడియోధార్మిక మందును ఆరేసి వారాల ఎడంతో ఆరు మోతాదుల వరకు ఇచ్చి చూడవచ్చుననీ అందులో ఉన్నది. రెండవది అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కుమారుడు పంపిన కాగితం. ఇటువంటి మందులనే తయారు చేయ సంకల్పించిన ఒక చిన్న కంపెనీ వాటా ఇప్పుడు చౌకగా ఉన్నదనీ, రెండు మూడేళ్ళలో పదింతలు కాగలదనీ అందులో వ్రాసి ఉన్నది. “బాబూ, ఈ మందు నిజమేనా? ఈ కంపెనీ నిజమేనా? రెండింటికీ కలిపి నా దగ్గర ఉన్నది ఒక్క గ్రాట్యుటీ సొమ్మే” అన్నారు ఆయన.

ఆ రెండు ప్రశ్నలూ ఒకటి కావని ఆయనకు చెప్పడానికి మాకు ఒక సాయంత్రమంతా పట్టినది. ఆనాడు చెప్పినదానినే, అంకెలు మరొకసారి సరిచూసుకుని, ఇక్కడ వ్రాస్తున్నాము. మన సభ్యులలో ఉద్యోగ విరమణకు దగ్గరపడినవారు చాలామంది ఉన్నారు. ఈ వ్యాధి ఎక్కువగా ఆ వయసు దాటినవారికే వచ్చేది. 2004 జనవరి 1 తర్వాత చేరిన యువ ఉద్యోగుల పెన్షను సొమ్ము మార్కెట్టుతో ముడిపడి ఉన్నది గనుక, కంపెనీల జమాఖర్చులు చదవడం వారికి ఇష్టం లేకున్నా తప్పని పని అయినది.

మందు సంగతి ముందు చూద్దాము. తపాలా ఉద్యోగికి దీనిని వివరించడం సులభం. బయటి నుండి యంత్రంతో ఇచ్చే రేడియేషను ఒక వీధిని గురిచూసి వేసేది. జబ్బు ఒకే చోట ఉన్నప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. కణాలు ఒళ్ళంతా చెదరి, పక్కటెముకలో ఒకటి, తుంటిలో ఒకటి చేరి కూర్చున్నప్పుడు ఏ వీధిని గురిచూడాలి? అప్పుడు చిరునామా వ్రాసిన ఉత్తరం కావాలి. ప్రోస్టేట్ క్యాన్సరు కణాల పైభాగాన పిఎస్‌ఎంఏ అనే ఒక ప్రొటీను విరివిగా ఉంటుంది. దానిని వెదకి అంటుకునే అణువును శాస్త్రజ్ఞులు తయారుచేశారు. 1972 ఆగస్టు 15న మన శాఖ ప్రవేశపెట్టిన పిన్‌కోడు వంటిది ఆ అణువు. దానికి తగిలించిన లూటీషియం-177 కవరులోని సరకు. సూదిమందుగా రక్తంలోకి పంపిన ఉత్తరం తన చిరునామా వెదుక్కుంటూ వెళ్ళి, చేరిన చోట బీటా కణాలను వెదజల్లి, ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరలో ఉన్న క్యాన్సరు కణాలను దెబ్బతీస్తుంది. తప్పు బట్వాడాలు లేకపోలేదు. లాలాజల గ్రంథులు కూడ ఈ మందును పీల్చుకుంటాయి గనుక నోరు ఎండిపోవడం రోగులలో తరచు కనిపించే బాధ. రక్తకణాలు తగ్గడమూ ఉన్నది.

ఫలితమెంత? 831 మంది రోగులపై జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అప్పటికే ఇతర చికిత్సలు అయిపోయినవారిలో, ఈ మందు పొందినవారి మధ్యస్థ ఆయుఃకాలం 15.3 నెలలు, పొందనివారిది 11.3 నెలలు. నాలుగు నెలల తేడా. వ్యాధిని నయం చేసిన మందు కాదిది. అయినా నొప్పి తగ్గి, లేచి తిరిగి, మనుమరాలి పెళ్ళి చూడగలిగిన నాలుగు నెలలు ఏ మనిషికి చిన్నవో మేము చెప్పలేము. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ కీమోథెరపీకి ముందే దీనిని వాడుకోవడానికి కూడ అనుమతించినది. కాబట్టి మందు నిజమే. పెద్దాయన మొదటి ప్రశ్నకు సమాధానం ఇంతటితో దొరికినది.

రెండవ ప్రశ్న కంపెనీ గురించినది. ఇక్కడ కొంత నిలిచి చూడవలసి ఉన్నది.

పైన చెప్పిన అణువు ఏ కంపెనీ ప్రయోగశాలలోను పుట్టలేదు. జర్మనీలో ప్రభుత్వ ధనంతో నడిచే హైడెల్‌బర్గ్ క్యాన్సరు పరిశోధనా కేంద్రంలోను, అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోను రూపొందినది. అక్కడ నుండి ఏబీఎక్స్ అనే జర్మన్ కంపెనీ చేతికి వచ్చినది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఎండోసైట్ అనే చిన్న కంపెనీ ఉండేది. దాని సొంత మందు ఒకటి 2014లో పరీక్షలో విఫలమైనది. 2017లో మరొకటి ఆగిపోయినది. సిబ్బందిని తగ్గించుకున్నది. వాటా ధర రెండు డాలర్ల లోపునకు దిగజారినది. అటువంటి దశలో 2017 అక్టోబరులో ఆ కంపెనీ 1 కోటి 20 లక్షల డాలర్ల రొక్కం, దానితోపాటు కొన్ని వాటాలు, మున్ముందు చెల్లింపుల హామీ ఇచ్చి ఏబీఎక్స్ నుండి ఈ అణువు హక్కులు తీసుకున్నది. ఏడాది తిరిగీ తిరగకముందే, 2018 అక్టోబరులో, స్విట్జర్లాండుకు చెందిన నోవార్టిస్ అదే ఎండోసైట్‌ను వాటాకు 24 డాలర్ల చొప్పున, మొత్తం 210 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించినది.

ఆ ఏడాదిలో అణువు మారలేదు. దానిపై ఆఖరు దశ పరీక్ష మొదలైన మాట నిజమే. ఆ పరీక్ష ఫలితం రావడానికి మాత్రం ఇంకా రెండున్నరేళ్ళు ఉన్నది. మారినది కాగితం మీది పేరు, ఆ కాగితానికి మార్కెట్టు కట్టిన ధర. 210 కోట్లలో హైడెల్‌బర్గ్ ప్రయోగశాలలో పరీక్షనాళిక కడిగిన ఉద్యోగి వాటా ఎంతో ఎవరూ లెక్క వేయలేదు.

నోవార్టిస్ తెలివితక్కువ బేరం చేసినదని అనుకోరాదు. ప్లువిక్టో అను పేరుతో ఆ మందుకు 2022 మార్చిలో అనుమతి వచ్చినది. ఆ సంవత్సరం అమ్మకాలు 27 కోట్ల డాలర్లు, 2023లో 98 కోట్లు, 2024లో 139 కోట్లు. అమ్మకం వేరు, లాభం వేరు అన్నది మన సహకార సంఘాల కోశాధికారులకు కూడ తెలిసిన విషయమే. అయినా మూడేళ్ళ అమ్మకాలు కలిపితే ఎండోసైట్‌కు చెల్లించిన ధరను దాటిపోయినవి. దీనికి ముందు నోవార్టిస్ అడ్వాన్స్‌డ్ ఆక్సిలరేటర్ అప్లికేషన్స్ అనే ఫ్రెంచి కంపెనీని 390 కోట్ల డాలర్లకు కొన్నది. 2002లో జెనీవా సమీపాన ఉన్న ‘సెర్న్’ అణు పరిశోధనా సంస్థలో పనిచేసిన ఒక భౌతికశాస్త్రవేత్త ఆ కంపెనీని స్థాపించారు. సెర్న్ కూడ ఐరోపా ప్రభుత్వాల ఉమ్మడి సొమ్ముతో నడిచేదే. ఆ బేరంలో వచ్చినది లూటాథెరా అనే మరొక లూటీషియం మందు.

ఇది చూసి మిగిలిన బహుళజాతి కంపెనీలన్నీ సంతకు బయలుదేరినవి. ఎలై లిల్లీ 2023లో పాయింట్ బయోఫార్మాను సుమారు 140 కోట్ల డాలర్లకు, బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ రేజ్‌బయోను సుమారు 410 కోట్లకు, ఆస్ట్రాజెనెకా 2024లో ఫ్యూజన్ ఫార్మాస్యూటికల్స్‌ను 240 కోట్ల వరకు కొనడానికి ఒప్పుకున్నవి. నోవార్టిస్ రెండు బేరాలతో కలిపితే ఈ అయిదింటి విలువ దాదాపు 1,390 కోట్ల డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేసుకున్నా లక్షా పద్దెనిమిది వేల కోట్ల రూపాయలు. ఈ అంకెలే కుమారుడు పంపిన కాగితానికి ఊపిరి. ‘పెద్ద కంపెనీ వచ్చి మన చిన్న కంపెనీని కొంటుంది’ అన్నది ఆ కాగితం చెప్పకనే చెప్పే మాట.

అటువంటి చిన్న కంపెనీ పద్దు పుస్తకం ఎట్లుంటుంది? అమ్మకాల పద్దు దాదాపు ఖాళీ. ఖర్చుల పద్దులో పరీక్షలు, ఐసోటోపుల కొనుగోలు, ఆసుపత్రులకు చెల్లింపులు, పై అధికారుల జీతాలు. తేడాను పూడ్చేది కొత్త వాటాల అమ్మకం. నిరుటి వరకు నూరు వాటాలున్న కంపెనీ ఈ ఏడు మరో యాభై ముద్రించి అమ్మితే, పాత వాటాదారు చేతిలోని కాగితం చిరగకుండానే దాని భాగం మూడింట ఒక వంతు తరిగిపోతుంది. కనుక ఇటువంటి కంపెనీ గురించి మొదట అడగవలసినది దాని మందు ఎంత గొప్పది అని కాదు. చేతిలో రొక్కమెంత, నెలకు ఖర్చెంత, ఆ రొక్కం ఎన్ని నెలలు వస్తుంది, పరీక్ష ఫలితం అంతకు ముందే వస్తుందా తర్వాత వస్తుందా అని. గృహిణి నెల మొదటి తారీఖున వేసే లెక్కే ఇది. కాకపోతే ఆమెకు కొత్త వాటాలు ముద్రించే వీలు లేదు.

ఇక ఫలితం రాకపోతే? ఆక్టీనియం ఫార్మాస్యూటికల్స్ అనే అమెరికన్ కంపెనీ రక్త క్యాన్సరు రోగులకు ఎముకమజ్జ మార్పిడికి ముందు ఇవ్వదలచిన అయోడిన్-131 మందుపై ఏళ్ళ తరబడి పనిచేసినది. 153 మందిపై పరీక్ష జరిపినది. అది తాను పెట్టుకున్న ముఖ్య గురిని అందుకున్నది. అయినా రోగుల ఆయుఃకాలం పెరిగినట్లు తేలలేదు గనుక మరొక పరీక్ష జరపవలసినదేనని 2024 ఆగస్టులో నియంత్రణ సంస్థ చెప్పినది. ఒక్క రోజులో వాటా ధర సగానికి పైగా కూలినది. ఆ సంస్థ చేసినది సరైన పనే అని మా అభిప్రాయం. రోగికి బ్రతుకు పెరగనిదే మందు అమ్మరాదు. అయితే పొదుపంతా దానిలో పోసిన పెన్షనరుకు ఆ న్యాయం ఏ మందు?

పరీక్ష నెగ్గినా కూడ పని ముగియదు. 2002లో జెవలిన్, 2003లో బెక్సార్ అనే రెండు రేడియోధార్మిక మందులు లింఫోమా క్యాన్సరుకు అమెరికాలో వచ్చినవి. బాగా పనిచేసినవి. అయినా అమ్ముడుపోలేదు. కారణం వైద్యం కాదు, వ్యాపారం. కీమోథెరపీ తన క్లినిక్కులోనే ఇచ్చే డాక్టరు, ఈ మందు కోసం రోగిని న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి పంపితే ఆ రోగితోపాటు ఆ రాబడి కూడ వెళ్ళిపోయేది. 2014లో బెక్సార్ తయారీని ఆపివేశారు. పనిచేసే మందు లాభం లేక చచ్చిపోవడం మార్కెట్టు చరిత్రలో ఒక్కసారి జరిగినది కాదు.

అన్నిటికన్న పెద్ద చిక్కు సరకు దొరకడం. మన రైల్వే మిత్రులు దీనిని వెంటనే గ్రహించగలరు. లూటీషియం-177 అర్ధజీవితకాలం ఆరున్నర రోజులకు కొంచెం ఎక్కువ. అంటే రియాక్టరు నుండి బయలుదేరిన సరకు ఇంచుమించు రోజుకు పదోవంతు చొప్పున తనంతట తానే తరిగిపోతుంది. దానిని గోదాములో నిల్వ ఉంచలేరు. ధర పెరిగే వరకు దాచలేరు. ప్లువిక్టో మోతాదు తయారయిన 120 గంటలలో రోగి శరీరంలోకి చేరవలెను. 2022 మేలో ఇటలీలోని ఇవ్రియాలోను, అమెరికాలోని మిల్‌బర్న్‌లోను ఉన్న తయారీ కేంద్రాలలో నాణ్యతా సమస్యలు వచ్చి కొంతకాలం పని ఆగినది. 2023లో అమెరికా రోగులు వరుసలో నిలబడవలసివచ్చినది. ప్రపంచంలోకెల్ల ధనికమైన దేశంలో, ప్రపంచంలోకెల్ల ఖరీదైన మందులలో ఒకదానికి, రేషను దుకాణం వరుస!

ఇప్పుడు కంపెనీలు ఆశపెట్టుకున్న కొత్త సరకు ఆక్టీనియం-225. ఇది వెదజల్లే ఆల్ఫా కణం బీటా కన్న బరువైనది, తక్కువ దూరంలో ఎక్కువ దెబ్బ కొట్టేది. దాని పాత వనరు యురేనియం-233 నిల్వల నుండి వేరుచేసిన థోరియం-229. అటువంటి నిల్వ ఉన్న చోట్లు ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. రేజ్‌బయోను కొన్న కొద్ది నెలలకే, 2024లో, సరిపడా ఆక్టీనియం దొరకక దాని ఆఖరు దశ పరీక్షలో కొత్త రోగులను చేర్చుకోవడం తాత్కాలికంగా ఆపవలసివచ్చినది. 410 కోట్ల డాలర్లు గ్రాములలో కాదు, మిల్లీగ్రాములకన్న తక్కువలో తూచే పదార్థం ముందు చేతులు కట్టుకుని నిలబడినవి. (శ్రీకాకుళం నుండి వచ్చిన మిత్రులకు ఒక మాట: మీ తీరపు ఇసుకలోని మోనజైట్‌లో ఉన్నది థోరియమే. ఆ థోరియం నుండి రియాక్టరులో పుట్టేదే యురేనియం-233. కల్పాక్కంలోని కామిని రియాక్టరు ఆ ఇంధనంతోనే నడిచేది. దారి పొడవైనదే. కాని మొదలు మన ఇంటి ముంగిట ఉన్నది.)

ఇంతవరకు కంపెనీ లెక్క. ఇక రోగి లెక్క. 2022లో ప్లువిక్టో ఒక్క మోతాదు ధర అమెరికాలో 42,500 డాలర్లు. మన డబ్బులో 36 లక్షల రూపాయలు. ఆరు మోతాదులకు 2 కోట్ల 16 లక్షలు. మన సార్టరుగారు ఉద్యోగంలో చేరిన నాటి నుండి విరమించిన నాటి వరకు తీసుకున్న జీతమంతా కలిపినా అందులో సగం కాదు. సీజీహెచ్‌ఎస్ అందని ఊళ్ళలోని పెన్షనరుకు స్థిర వైద్య భత్యాన్ని 2017లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ లెక్కన ఒక్క మోతాదు కూడబెట్టడానికి 300 సంవత్సరాలు పడుతుంది.

అయినా మన దేశంలో ఈ చికిత్స జరుగుతున్నది. ఆ ధరలో కొద్ది భాగానికే జరుగుతున్నది. ఎట్లు? ఎందుకంటే లూటీషియం తయారయ్యేది ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో. 1985 ఆగస్టులో మొదలైన 100 మెగావాట్ల ఆ పరిశోధనా రియాక్టరును కట్టినది, నడుపుతున్నది మన ప్రభుత్వరంగ ఉద్యోగులే. అక్కడి సరకును శుద్ధిచేసి ఆసుపత్రులకు పంపేది 1989లో ఏర్పడిన ‘బ్రిట్’ అనే రేడియేషను, ఐసోటోపు సాంకేతిక బోర్డు. దానిని రోగికి ఇచ్చే విద్యను దశాబ్దాలుగా పెంపొందించినది పరేల్‌లో 1963లో స్థాపించిన రేడియేషన్ మెడిసిన్ సెంటరు. థైరాయిడ్ క్యాన్సరుకు అయోడిన్-131 ఇచ్చిన అనుభవమే ఇప్పుడు లూటీషియంకు పనికివచ్చినది. ఇందులో ఏ వాటా ధరా పదింతలు కాలేదు. ఏ యజమానీ 210 కోట్లు మూటకట్టలేదు. రోగులకు మందు అందినది.

ఇది పొగడ్తతో సరిపెట్టే విషయం కాదు. ఒక్క ధ్రువ మీద ఎంతని ఆధారపడతాము? ట్రాంబేలోని పాత సైరస్ రియాక్టరు 2010 ఆఖరున శాశ్వతంగా మూతపడినది. అప్సర స్థానంలో వచ్చిన అప్సర-యు 2018 సెప్టెంబరులో మొదలైనది గాని దాని శక్తి 2 మెగావాట్లే. రియాక్టరు మరమ్మతుకు ఆగిన వారం, దేశంలోని లూటీషియం రోగులందరి తారీఖులూ వెనక్కు జరిగే పరిస్థితి ఉండరాదు. కొత్త రియాక్టరు కావలెనన్న విషయంలో మాకు ఎవరితోను తగాదా లేదు. అది ఎవరి చేతిలో ఉండవలెనన్నదే తగాదా. 2020 మేలో కేంద్ర ఆర్థికమంత్రి వైద్య ఐసోటోపుల కోసం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో పరిశోధనా రియాక్టరు స్థాపిస్తామని ప్రకటించారు. 2025 డిసెంబరులో పార్లమెంటు అణుశక్తి రంగాన్నే ప్రైవేటు కంపెనీలకు తెరుస్తూ కొత్త చట్టం చేసినది.

భాగస్వామ్యమంటే ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి కెనడా దేశం వైపు చూడవచ్చును. అక్కడ ప్రభుత్వ అణుశక్తి సంస్థ ఐసోటోపులు అమ్మే తన విభాగాన్ని 1991లో ఎండీఎస్ అనే ప్రైవేటు కంపెనీకి అమ్మివేసినది. రియాక్టరు మాత్రం ప్రభుత్వం వద్దనే ఉండిపోయినది. అంటే గల్లాపెట్టె వారిది, కొలిమి ప్రజలది. 1957 నాటి పాత రియాక్టరుకు బదులుగా తలపెట్టిన రెండు కొత్త రియాక్టర్లు సరిగా నడవక 2008 మేలో వాటిని రద్దు చేయవలసివచ్చినది. అందుకు ఆ కంపెనీ ప్రభుత్వంపైనా, ప్రభుత్వ సంస్థపైనా 160 కోట్ల కెనడా డాలర్లకు దావా వేసినది. మరుసటి సంవత్సరం పాత రియాక్టరులో లీకు వచ్చి 2009 మే నుండి 2010 ఆగస్టు వరకు ఆగినప్పుడు, రోగనిర్ధారణకు వాడే మాలిబ్డినం-99 కోసం ప్రపంచమంతటా ఆసుపత్రులు అల్లాడినవి. మన దేశంలో ఆ పొరపాటు మళ్ళీ చేయవద్దన్నదే మా మాట.

భిలాయికి తిరిగివద్దాము. ఈ కర్మాగారంలోని పట్టాల మిల్లు 1960 నుండి మన రైల్వేకు పట్టాలు ఇస్తున్నది. ఈనాడు 260 మీటర్ల పొడవైన పట్టాలు ఇక్కడి నుండే బయలుదేరుతున్నవి. ఇక్కడి సెక్టారు 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఈ ప్రభుత్వరంగ కర్మాగారం కట్టినదే. లూటీషియం చికిత్సకు ఆసుపత్రి ఉంటే మాత్రమే చాలదు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావలెను. మందు తీసుకున్న రోగి నుండి కొంతకాలం రేడియేషను వెలువడుతుంది గనుక విడిగా గది, అతని మూత్రాన్ని రేడియోధార్మికత తగ్గేవరకు నిలవచేసే తొట్టెలు, తర్ఫీదు పొందిన నర్సులు, భౌతికశాస్త్రజ్ఞుడు కావలెను. ఇవన్నీ ఉన్నచోటికి రోగి వెళ్ళవలెను. రాయపూరు సుమారు 30 కిలోమీటర్లు. బొంబాయికి హౌరా మార్గంలో ఒక రాత్రీ, మరికొంత పగలూ.

నయా రాయపూరులో 2018లో తెరచిన పెద్ద క్యాన్సరు ఆసుపత్రి ఒకటి ఉన్నది. వేదాంత సంస్థ వారి ఫౌండేషను నడిపేది. పేరు బాల్కో మెడికల్ సెంటరు. ఆ పేరు వినగానే ఈ ప్రాంతపు కార్మికులకు 2001 గుర్తుకు వస్తుంది. కోర్బాలోని ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ ‘బాల్కో’లో 51 శాతం వాటాను 551 కోట్ల 50 లక్షలకు స్టెరిలైట్‌కు అమ్మినప్పుడు కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. అక్కడ చికిత్స పొందే రోగులకు మేలు జరుగుతున్నందుకు మాకు సంతోషమే. రోగి బిడ్డలు ఆసుపత్రి బోర్డు మీది పేరు చూసి వెనుదిరగనవసరం లేదు. కాని కార్మికుడి వైద్యం ఒక సంస్థ దయాగుణం మీద కాక హక్కుగా నిలవవలెనని మేము అప్పుడూ అన్నాము, ఇప్పుడూ అంటున్నాము.

హక్కు అన్నప్పుడు మనం కోరవలసినవి పెద్ద పెద్ద మాటలు కావు. రైల్వే ఆసుపత్రులు, సీజీహెచ్‌ఎస్ రోగులను పంపే ప్రతి ఆసుపత్రి విషయంలోను ఈ చికిత్స రేటు స్పష్టంగా వ్రాసి ఉండవలెను. ఆరు మోతాదులకు కలిపి ఒకేసారి అనుమతి ఇవ్వవలెను. రోజుకు పదోవంతు తరిగే మందుకు, మోతాదు మోతాదుకు ఫైలు కదిలించి సంతకాల కోసం మూడు బల్లలు తిప్పడం ఏ పాలనా పద్ధతి? ఫైలు మీద దుమ్ము పడేలోపు మందు సీసాలో సగం మాయమవుతుంది. క్యాన్సరు రోగికి రైలులో స్లీపరు, మూడవ ఏసీ తరగతులలో పూర్తి రాయితీ ఉన్నది. చాలామందికి తెలియదు. బుకింగు కౌంటరులోని మన మిత్రులు అడగకముందే చెప్పవలెనని కోరుతున్నాము. వృద్ధుల రాయితీని 2020 మార్చిలో తీసివేశారు గాని రోగుల రాయితీ నిలిచి ఉన్నది.

ధర తగ్గించే దారి కూడ మన దేశంలోనే రుజువైనది. 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సరు గ్రిడ్ తన సభ్య ఆసుపత్రులలో 23 కేంద్రాల అవసరాన్ని ఒకచోట చేర్చి 40 మందులకు ఉమ్మడిగా బేరమాడినది. సుమారు 1,560 కోట్ల రూపాయలు కావలసినచోట 1,320 కోట్లు మిగిలినవి. ఒంటరిగా అడిగినవాడికి ఇవ్వని ధర కలిసి అడిగినవారికి ఇచ్చారు. ఈ పద్ధతి మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. రైల్వే, తపాలా, రక్షణ, ఉక్కు సంస్థల ఆసుపత్రులన్నీ రేడియోధార్మిక మందులకు కూడ ఇట్లే ఒక్క గొంతుతో బేరమాడవలెనని మా సమాఖ్య కోరుతున్నది.

పెద్దాయనకు మేము చెప్పినది క్లుప్తంగా ఇది. మీ అబ్బాయి దురాశతో వ్రాయలేదు, ఆశతో వ్రాశాడు. ఆ కంపెనీ గెలవవచ్చు, గెలవకపోవచ్చు. గెలిస్తే దాని మందు పదేళ్ళ తర్వాత ఎవరికో పనికివస్తుంది. మీకు కావలసిన మందు ఇప్పుడు ట్రాంబే నుండి వస్తున్నది. ఆ కంపెనీ వాటా కొన్నా కొనకపోయినా మీ మోతాదు మీకు చేరుతుంది. నష్టపోయినా వంటింటికి లోటు రాని డబ్బుతో మీ అబ్బాయి తాను కొనుక్కుంటే అది అతని ఇష్టం. మీ గ్రాట్యుటీ అటువంటి డబ్బు కాదు.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, “అబ్బాయికి ఉత్తరం వ్రాస్తాను. ఫోనులో చెబితే వాదిస్తాడు” అన్నారు. సొమ్మును తాను పనిచేసిన శాఖలోనే, తపాలా కార్యాలయంలో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశారు. మొదటి మోతాదు అయినది. రెండవదానికి రక్తపరీక్షలు కుదిరితే వచ్చే నెల వెళ్ళవలెను. రాయితీ ఫారం మీద డాక్టరుగారి సంతకం కోసం మా శాఖా కార్యదర్శి ఆయన వెంట వెళ్ళుతున్నారు.